తామాన్ మెలూర్‌లో వడగళ్లు

మార్చి 2, ఆదివారం

తెలుగు తరగతి ముగిసిన తరువాత శాంతాదేవి గారు ఒక ప్రకటన చదివి వినిపించారు. ఈ నెల ముప్పయ్యవ తేదీన ఉగాది. ఆ రోజు ఇపో పట్టణంలోని మన తెలుగు సంఘం హాలులో ఛాయాచిత్ర ప్రదర్శన జరుగుతుంది. అంశం ‘మా వీధిలో వసంతం’. ఒక్కొక్కరు ఐదు చిత్రాల వరకు ఇవ్వవచ్చు. ప్రకటన చదువుతున్నంతసేపూ ఆవిడ నా వైపే చూశారు. అందులో ఆశ్చర్యపడవలసినది లేదు. తరగతిలో ఛాయాచిత్రణంలో సర్టిఫికెట్ ఉన్నది నాకొక్కదానికే.

పగలు గ్లవ్ ఫ్యాక్టరీలో నిలబడి, సాయంత్రం కళాశాలలో కూర్చుని, రెండేళ్లు చదివి సంపాదించిన సర్టిఫికెట్ అది. ఆరో తరగతితో బడి మానిన తోటకూలీల పిల్లకు నలభై ఏడేళ్ల వయసులో వచ్చింది. మా హాలులో దేవుడి పటాల పక్కన, వాటికంటే అర అంగుళం కిందుగా తగిలించాను. ఆ అర అంగుళం నేనే కొలిచాను.

మెట్లు దిగుతుండగా శాంతాదేవి గారు మా వారి సంగతి అడిగారు. క్లాంగ్ పట్టణంలో సన్యాసి అనే మా మరిది ఇంట్లో ఉన్నారని, వైద్యానికి అక్కడే వీలుగా ఉన్నదని చెప్పాను. అందరికీ చెబుతున్న మాటే ఆవిడకూ చెప్పాను.

రాతలో స్పష్టత ఉండాలని ఆవిడే బోధిస్తారు కనుక ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను. మా వారు క్లాంగ్‌లో లేరు. మా ముందు గదిలో, తెర వేసిన కిటికీ పక్కన, మంచం మీద ఉన్నారు. దీపావళి వెళ్లిన వారానికి వైద్యులు ఆయన కుడి కాలిని మోకాలి కింద నుంచి తీసివేశారు. చక్కెర వ్యాధి. ఇరవై ఏళ్లకు పైగా ఈ తామాన్ మెలూర్ కాలనీ వీధులన్నింటికీ ఉత్తరాలు పంచిన మనిషి ఆయన. ఇక ఎవరికీ కనబడనన్నారు. ఆయన కోరికను గౌరవించాను. అంతే. ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకువచ్చిన రోజు వాన పడుతున్నది. వీధిలో ఎవరూ లేరు. కట్టు మార్పించడానికి వెళ్లేటప్పుడు కారును వెనక సందులోకి పిలుస్తాను. ఇంతవరకు ఎవరికీ తెలియలేదు.

ప్రదర్శనకు ఐదు చిత్రాలూ ఇస్తాను.


మార్చి 4, మంగళవారం

రంజాన్ ఉపవాస మాసం మొదలైంది. మూడిళ్ల అవతలి రొహానీ అక్క, వాళ్ల భాషలో కక్ రొహానీ, సాయంత్రం గంజి పంపింది. ప్రతి ఏడూ వీధి అంతటికీ పంచుతుంది. మా ఇంటికి గొడ్డు మాంసం తగలని గిన్నెలో, రొయ్యలు వేసి, విడిగా వండుతుంది. ఆ మర్యాదను నేను ఎన్నడూ మరవను.

ఈసారి రెండు గిన్నెలు వచ్చాయి. ఒంటరిగా ఉన్న ఆడదానికి రెండు గిన్నెలు ఎందుకని అడగబోయి మానుకున్నాను. ఆవిడది పెద్ద చేయి.

రెండవ గిన్నె మా వారు పూర్తిగా తిన్నారు.


మార్చి 7, శుక్రవారం

మా వీధి, అంటే లోరోంగ్ నాలుగు, చివరనున్న తెకోమా చెట్లు మూడూ పూశాయి. ఒక్క ఆకు లేదు, అంతా పువ్వే. రెండు తెలుపు, ఒకటి లేత గులాబీ. గాలి వీచినప్పుడల్లా రోడ్డు మీద తెల్లగా రాలుతున్నది.

పక్కింటి శివగామి గేటు పట్టుకుని నిలబడి ఉన్నది. తండ్రి తెలుగు, తల్లి తమిళం. ఆ రెండింటి సత్తువా, మాట చివర తగిలించే ఇక్కడి ‘లా’తో సహా, ఆమె నోటిలో ఉన్నది.

“ఐయో అక్కా, సూసినావా! ఫారిన్‌లో మంచు పడినట్టు ఉన్నాది, లా! సీర కట్టుకుని నిలబడతాను, నన్నొక ఫోటో తియ్యి.”

తీశాను. ఆమె కళ్లు మూసుకున్నది.

మంచు గురించి నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయమంతా మంచులో చిత్రాలు తీయడం గురించే. మా మాస్టారు “మన దేశానికి ఇది అక్కరలేదు” అని ఆ పుటలన్నీ ఒకేసారి తిప్పివేశారు. తరగతి నవ్వింది. నేను ఇంటికి వచ్చి చదివాను. పుస్తకంలో ఉన్నదాన్ని వదిలివేసే అలవాటు నాకు లేదు. ఆ రెండేళ్లూ పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడిగే పని మా వారిది.

“మంచు పడినాది. ఏటి సేస్తావు?”

“కెమెరా తెలుపుని నమ్మదు బావా. బూడిద రంగు సేసేస్తాది. అందుకని వెలుగు ఒకటిన్నర పెంచాల.”

“బాగున్నాది. ఇపోలో మంచు పడిననాడు సూద్దాం.”

అని పుస్తకం మూసి, మోటారుసైకిలు తాళం చేతిలోకి తీసుకునేవారు. తరగతి అయ్యేదాకా కళాశాల ఎదుట టీ కొట్టులో కూర్చునేవారు. ఆ కొట్టువాడికి కూడా ఎక్స్‌పోజర్ అంటే ఏమిటో వచ్చేసిందని ఆయనే చెప్పి నవ్వేవారు.


మార్చి 9, ఆదివారం

ఉదయం ఎండ ముదరకముందే లోరోంగ్ ఒకటి నుంచి ఏడు దాకా తిరిగాను. వీధివీధికీ ఒకటో రెండో చెట్లున్నాయి. పూలు కాలువ మీద, కార్ల మీద, ఆరేసిన బట్టల మీద రాలి ఉన్నాయి. వెనుక సున్నపురాతి కొండలు నీలంగా ఉన్నాయి. క్షితిజ రేఖ ఒక్క చిత్రంలోనూ వంగలేదు.

మధ్యాహ్నం కెమెరా తెర మీద మా వారికి చూపించాను. ఆయన అడగలేదు. మంచం పక్కన కూర్చుని నేను సరిచూసుకుంటుంటే ఆయన చూశారు. పువ్వులను చూడలేదు.

“అది లోరోంగ్ రెండులో పదహారో నంబరు గదా. గేటుకి పచ్చరంగు ఏసినారేటి?”

“ఏసినారు.”

“ఆ ముసలోడు పచ్చరంగు ఎయ్యనిస్తాడేటి? పోయినాడేమో.” తెర మీదకు వంగి, “ఉత్తరాల పెట్టి కనబడతాలేదు. కొంచెం కుడికి తీసుండాల్సింది” అన్నారు.

సాయంత్రం మళ్లీ వెళ్లి కుడివైపు నుంచి తీసుకువచ్చాను. ముసలాయన పోలేదు. గేటు దగ్గరే కూర్చుని ఉన్నాడు. ఆయన్నీ తీశాను.

ఉత్తరాల పెట్టెలు చిత్రానికి సమతూకం ఇస్తాయి. ఈ విషయం నేను ఇంతకుముందు గమనించలేదు. ఇకమీద ప్రతి చిత్రంలోనూ ఒక పెట్టె ఉండేలా చూసుకుంటాను. పూర్తిగా కూర్పు కోసమే.


మార్చి 12, బుధవారం

కృత్రిమ కాలు ఫిబ్రవరిలోనే వచ్చింది. గది మూలన నిలబెట్టి, దాని మీద నా పాత బాతిక్ గుడ్డ కప్పారు. కప్పింది ఆయనే. ఈ రోజు ఆ గుడ్డ తీసి, మడిచి, కాలిని మంచానికి చేరువగా పెట్టాను.

“బావా, ఒక్కసారి తొడుక్కుని సూడు. గదిలోనే.”

“నాను అడిగినానా?”

“డాక్టరు సెప్పినాడు గదా, వాడకపోతే—”

“డాక్టరునే తొడుక్కోమను.”

గుడ్డ మళ్లీ కప్పేశారు. మంచం మీద నుంచే విసిరితే సరిగ్గా పడింది. ఉత్తరాలు గేటు బయట నుంచి విసిరిన చెయ్యి కదా.

నేను రెండవసారి అడిగే మనిషిని కాను. ఈ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను.


మార్చి 13, గురువారం

మళ్లీ అడిగాను.


మార్చి 15, శనివారం

కక్ రొహానీ బెండకాయంత పొడుగు పిండివంటలు పంపింది. గేటు దగ్గర ఇస్తూ, తన భాషలో, “తీపి తగ్గించి చేశాను పుష్పా. ఎక్కువ తీపి మంచిది కాదు” అన్నది. నాకు చక్కెర వ్యాధి లేదు. నా ఆరోగ్యం మీద ఆవిడకు అంత అక్కర.

అప్పుడే శివగామి కూడా వచ్చింది.

“అక్కా, దాసు మామ ఎప్పుడొత్తన్నారు క్లాంగు నుంచి?”

“డాక్టరు పంపిననాడు.”

“అక్కడ తిండి సరిగ్గా తింటన్నారా?”

“సన్యాసి పెళ్లాం బాగా వండుతాది.”

“సరి సరి. మంచిదే, లా.” కొంచెం దగ్గరకు వచ్చి, “అక్కా, మీ గోడ అవతల ఎవురో దగ్గుతా ఉంటారు. పెద్ద ఎలకేటో” అన్నది.

“టీవీ” అన్నాను.

“ఓ, టీవీ. పాపం, టీవీకి జలుబు సేసినట్టుంది. అల్లం తేనీరు ఇయ్యి అక్కా.”

నమ్మింది. ఆమెకు ప్రతిదానికీ హాస్యమాడే అలవాటు ఉన్నది కాని మనసులో ఏమీ పెట్టుకోదు.

అల్లం తేనీరు కాచి ఇచ్చాను.


మార్చి 18, మంగళవారం

ఈ రోజు జరిగినది ఉన్నది ఉన్నట్టు, మొదటి నుంచి రాయాలి. 

ఉదయపు షిఫ్టు ముగించి ఇంటికి చేరేసరికి గాలి ఆగిపోయి ఉన్నది. ఎండ కాస్తూనే కొండల వెనక నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. చెప్పులు విడుస్తుండగా వరండా రేకు మీద టక్కుమన్నది. పిల్లలు రాళ్లు విసురుతున్నారని కోపంగా బయటకు వచ్చాను. రెండవది నా కాలి ముందే పడి, ఎగిరి, గిర్రున తిరిగింది. తెల్లగా, గుండ్రంగా, లోపల పాలచుక్క ఉన్న గోలీలా ఉన్నది. అంతలో వీధిలోని రేకులన్నీ ఒక్కసారి మోగాయి.

“హుజన్ బాతు! హుజన్ బాతు!” అని కక్ రొహానీ అరుస్తున్నది. రాళ్లవాన అని.

కెమెరాకు కూరగాయల ప్లాస్టిక్ సంచి తొడిగి, కటకం దగ్గర కన్నం చేశాను. గొడుగు పట్టుకుంటే చేయి ఖాళీ ఉండదు. వరండా మేకుకు మా వారి ఎర్ర హెల్మెట్ వేలాడుతున్నది. పెట్టుకున్నాను. ఆయన తల నా తలకంటే పెద్దది; కళ్లదాకా దిగింది. సర్టిఫికెట్ ఉన్న ఛాయాగ్రాహకురాలు ఆ వేషంలో వీధిలోకి వెళ్లవచ్చునా అన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు. ఇప్పుడు వచ్చినా, వెళ్లడమే సరైనదని అనుకుంటున్నాను.

వీధి నాకు తెలిసిన వీధి కాదు. తెకోమా కొమ్మల మీద వడగళ్లు పడుతుంటే పువ్వులు గుత్తులుగా తెగి, మంచుతో కలిసి కిందకు వస్తున్నాయి. ఏది పువ్వో ఏది గడ్డో తెలియలేదు. తారు కనిపించడం మానేసింది. కార్ల మీద, గోడల మీద, ఉత్తరాల పెట్టెల నెత్తిన, అంతటా తెలుపు. పిల్లలు బక్కెట్లు బోర్లించుకుని గెంతుతున్నారు. శివగామి బట్టలు ఉతికే బేసిన్ను నెత్తిన పెట్టుకుని, “అయ్యయ్యో, తల పగిలిపోతాది, అక్కా, నన్ను తియ్యి, నన్ను తియ్యి!” అని కేకలు. కక్ రొహానీ వంగి గిన్నెలోకి వడగళ్లు ఏరుతున్నది. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు గులాబీ షర్బత్తులో వేస్తుందట. ఫ్రీజరులో పెట్టమని ఎవరో అరిచారు. వీపు మీద రాళ్లు తగులుతున్నా నేను తీస్తూనే ఉన్నాను. ఒకటి, మరొకటి, మరొకటి.

తెర మీద చూశాను. అంతా బూడిద. దుమ్ము పట్టిన గచ్చు తీసినట్టు ఉన్నది. ఎందుకో నాకు తోచలేదు. చదివినదంతా ఆ హెల్మెట్ లోపలే ఎక్కడో ఇరుక్కుపోయింది. వడగళ్లు అప్పటికే చిన్నవవుతున్నాయి.

అప్పుడు వెనక నుంచి వినిపించింది.

“పుష్పా! ఒకటిన్నర పెంచవే! తెలుపంతా బూడిదైపోతాది! ఒకటిన్నర!”

ఇరవై ఏళ్లు గేట్ల బయట నుంచి “పోస్ట్!” అని అరిచిన గొంతు అది.

నేను వెనక్కి తిరగలేదు. మీట తిప్పాను. మరల తీశాను. తెర మీద తెలుపు తెల్లగా వచ్చింది.

టీ కాగేటంత సేపు, అంతే. చప్పుడు సన్నబడి, వానగా మారి, అదీ ఆగింది. ఎండ వచ్చింది. రోడ్డంతా ఆవిరి. మంచు కరిగి కాలువలోకి పోయింది. నలిగిన పువ్వులు దాని వెంట పోయాయి. చెట్లు మూడూ దువ్వెన పెట్టి దువ్వినట్టు బోసిగా నిలబడ్డాయి.

ఆ కేక ఎవరూ వినలేదు. రేకుల మీద అంత చప్పుడులో ఎవరికి వినబడుతుంది. కక్ రొహానీ మాత్రం ఒకసారి మా కిటికీ వైపు, ఒకసారి ఆకాశం వైపు చూసి, తిరిగి వడగళ్లు ఏరుకున్నది. శివగామి బేసిన్ను ముఖం దాకా దించుకుంది. దాని కింద ఆమె భుజాలు కదులుతున్నాయి. చలికి అనుకుంటాను.

లోపలికి వెళ్లాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. కిటికీ కింద గచ్చు తడిసి ఉన్నది. స్టీలు గ్లాసులో నీళ్లు.

“పెంచినావా?”

“పెంచినాను.”

“మరి! సదివింది మర్చిపోతే ఎలాగ.”

ఆ తరువాత గ్లాసు నాకు అందించారు. దాహంగా ఉందనుకున్నారు కాబోలు. తాగేశాను. చల్లగా ఉన్నది.


మార్చి 19, బుధవారం

చిత్రాలను కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూశాను. ఇవి నా జీవితంలో నేను తీసిన ఉత్తమ చిత్రాలు. మొహమాటపడకుండా రాస్తున్నాను. పుస్తకంలోని ఆ అధ్యాయాన్ని వదిలేసినవారు ఎవరూ ఈ తెలుపును తీయలేరు.

అన్నింటిలో ఒకటి మిన్న. వీధి చివర దాకా తెలుపు. గాలిలో ఆగినట్టు పువ్వులు, వడగళ్లు. పిల్లల బక్కెట్లు. ఎడమ అంచున మా ఇల్లు. ముందు గది కిటికీ అద్దాల పలకలు తెరిచి ఉన్నాయి. నవంబరు తరువాత వాటిని ఎవరూ తెరవలేదు. పలకల మధ్య నుంచి మోచేతి దాకా ఒక చేయి బయటకు చాచి ఉన్నది. ఆ చేతిలో స్టీలు గ్లాసు. మణికట్టుకు గడియారం, ముఖం లోపలి వైపుకు తిప్పి ఉన్నది. మోటారుసైకిలు పిడి వదలకుండా వేళ చూసుకోవడానికి ఆయన అలాగే పెట్టుకుంటారు. ఈ తామాన్‌లో ఆ గడియారాన్ని ఎరగనివారు లేరు.

నేను తాగిన నీళ్లు ఏవో ఇప్పుడు తెలిసింది.


మార్చి 20, గురువారం

నాలుగు చిత్రాలు చాలు. ఐదు అన్నది గరిష్ఠ పరిమితి మాత్రమే.


మార్చి 21, శుక్రవారం

ఆ చిత్రాన్ని ఎడమ వైపు కత్తిరించి చూశాను. కిటికీ పోయింది. మిగిలినది క్యాలెండరు బొమ్మ.

ఇంకొంచెం తక్కువ కత్తిరించాను. గ్లాసు ఒక్కటే గాలిలో మిగిలింది.

యథాతథంగా ఉంచి కంప్యూటర్ మూసేశాను.


మార్చి 23, ఆదివారం

శాంతాదేవి గారికి నాలుగు చిత్రాలు చూపించాను. బాగున్నాయన్నారు. ఉత్తరాల పెట్టెలు ఎందుకు ఇన్ని అని అడిగారు. సమతూకం అన్నాను. ఆవిడ వేలు మీట మీద ఇంకొకసారి పడింది. ఐదవది తెర మీదకు వచ్చింది. దాన్ని అదే సంపుటిలో ఉంచడం నా పొరపాటు. పొరపాటే అయి ఉండాలి.

ఆవిడ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

“ఇదమ్మా నాకు కావలసింది. మిగతావి అందంగా ఉన్నాయి, కాదనను. దీనిలో ఒక మనిషి ఉన్నాడు. ఇది హాలు మధ్యలో పెడదాం, పెద్దది చేసి. ఎవరిదా చెయ్యి?”

“పొరుగువారిదండి.”

ఆవిడ గడియారాన్ని చూశారు. నన్ను చూశారు. ఆవిడ ఇంటికి కూడా ఒకప్పుడు ఆయనే ఉత్తరాలు ఇచ్చేవారు.

“అలాగా. అయితే ఆ పొరుగాయన్ని ఒక మాట అడిగి రా. చెయ్యి ఆయనది కదా. ఒప్పుకుంటేనే పెడదాం. బుధవారం లోపల చెప్పు.”

ఒప్పుకుంటే మా వీధి వారందరూ చూస్తారు. శివగామి ఏ ఉగాదికీ రాకుండా ఉండదు. క్లాంగ్‌లో ఉన్న మనిషి చేయి మా కిటికీలో నుంచి ఎలా వచ్చిందని అడిగితే నేను ఏమి చెప్పాలి. ఒప్పుకోకపోతే నా జీవితంలోని ఉత్తమ చిత్రాన్ని ఎవరూ చూడరు. ఆయనను అడగకుండా, ఒప్పుకోలేదని చెప్పివేయవచ్చు కూడా.


మార్చి 24, సోమవారం

అడిగాను.

కంప్యూటర్ ఆయన ఒడిలో పెట్టాను. చాలాసేపు చూశారు.

“నా సెయ్యి ముసిలిదైపోయినాది.”

“బావా, ఇది పెడితే అందరికీ తెలిసిపోతాది. క్లాంగులో ఉన్నావని సెప్పినాను.”

“ఎవుడు సెప్పమన్నాడు?”

“నువ్వే గదా. ఎవురికీ కనబడనన్నావు.”

“కనబడనన్నాను. క్లాంగు ఎల్లినానని సెప్పమన్నానా? ఆ క్లాంగు నీదే.” ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టంగా ఉన్నది. “ఎవురూ సూడకూడదన్నది నా కోసం. ‘అయ్యో పాపం పుష్పా’ అని ఎవురూ అనకూడదన్నది నీ కోసం. కాదేటి?”

దీనికి జవాబు రేపు రాస్తాను.

తరువాత నేను గ్లాసు సంగతి అడిగాను. అంత రాళ్లవానలో చెయ్యి ఎందుకు చాపావని.

“నువ్వు కెమెరాలో సూస్తావు గాని సేత్తో ముట్టుకోవు గదా. ఇపోలో మంచు పడినాదని రేపు నువ్వే నమ్మవు. నీకోసం పట్టినాను. నువ్వొచ్చేసరికి నీళ్లైపోయినాది.”

“నాను తాగేసినాను.”

“సూసినాను. రుసి సూడకుండా మింగేసినావు.” నవ్వారు. ఆ నవ్వు విని చాలా కాలమైంది. మళ్లీ తెర వైపు చూసి, “ఇంత బాగా తీసినావు. కత్తిరిస్తావేటి? పెట్టు. కాని ఒక మాట. నా సెయ్యి ఒక్కటీ ఎల్తే బాగోదు. సెయ్యి ఎల్లినకాడికి మనిషి కూడా ఎల్లాల” అన్నారు.

మూలనున్న బాతిక్ గుడ్డ వైపు చూశారు. నేనూ చూశాను. 


మార్చి 25, మంగళవారం

నిన్నటి జవాబు ఇంకా రాయలేదు. ఫ్యాక్టరీలో పని ఎక్కువగా ఉన్నది.

శాంతాదేవి గారికి ఫోను చేసి, పొరుగాయన ఒప్పుకున్నారని చెప్పాను. “చాలా సంతోషం. ఆయనకి కూడా ఒక కుర్చీ వేయిస్తానమ్మా” అన్నారు.


మార్చి 26, బుధవారం

ఉదయం ముందు గదిలో చప్పుడు. ఒక అడుగు, ఆగడం, గోడ పట్టుకున్న శబ్దం, మరొక అడుగు. ఆయన పిలవలేదు. నేను వెళ్లలేదు. కూర మాడిపోయింది.


మార్చి 27, గురువారం

ఈ రోజు కూడా. కూర మాడలేదు.


మార్చి 30, ఆదివారం, ఉగాది

పచ్చడి ఉదయమే కలిపాను. ఆయనకు బెల్లం వేయకముందే కొంచెం తీసి పెట్టాను. “ఇంత సేదు పచ్చడి ఏ ఉగాదికీ తినలేదు” అన్నారు, గిన్నె నాకుతూ.

కారును వెనక సందులోకి పిలవలేదు. ముందు గేటుకే రమ్మన్నాను. డ్రైవరు వచ్చి హారను కొట్టాడు. హారను అవసరం లేదు. వీధి అంతా ముందే బయట ఉన్నది. కక్ రొహానీ రేపటి రంజాన్ పండుగకు గేటుకు దీపాలు కడుతున్నది. శివగామి ఉగాది చీరలో ముగ్గు వేస్తున్నట్టు వంగి ఉన్నది. ముగ్గు ఎప్పుడో పూర్తయింది.

ఆయన తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకున్నారు. కుడి చేతిలో కర్ర. నేను ఎడమ వైపు నడిచాను, ముట్టుకోకుండా. ముట్టుకోవద్దని ముందే చెప్పారు. గడప దాటడానికి కొంత సమయం పట్టింది.  నా తల నిటారుగానే ఉన్నది. మెడ నొప్పి పుట్టింది.

మొదట శివగామి లేచి నిలబడింది. ముఖంలో నవ్వు లేదు, ఆశ్చర్యం లేదు.

“ఏటి మామా, క్లాంగు నుంచి ఎప్పుడొచ్చినారు?”

మా వారు కర్ర మీద ఆనుకుని ఒక క్షణం ఆమెను చూశారు.

“ఇప్పుడే దిగినాను. బస్సు లేటు, లా.”

“అవునవును. ఆ బస్సు ఎప్పుడూ అంతే. అక్కడ వానలు పడినాయా?”

“వడగళ్లు పడినాయి.”

“ఐయో, అక్కడ కూడానా!” అన్నది శివగామి. అప్పుడిక ఆగలేక నోటికి పైట అడ్డం పెట్టుకున్నది. మా వారు కూడా నవ్వారు. కక్ రొహానీకి మా భాష రాదు. అయినా దీపాల తీగ చేతిలోనే పట్టుకుని ఆవిడా నవ్వింది. “రేపు మా ఇంటికి రావాలి, దాసూ, ఇద్దరూ” అన్నది. ఏమీ అడగలేదు. ఎవరూ ఏమీ అడగలేదు.

నేను నవ్వలేదు. కారు తలుపు పట్టుకుని నిలబడ్డాను. అందరూ నన్ను మోసం చేశారని నాకు కోపం రావలసి ఉన్నది. టీవీకి జలుబు చేసిందన్న మాట గుర్తుకొచ్చింది. రెండు గిన్నెలు గుర్తుకొచ్చాయి. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు వాన కూడా గుర్తుకొచ్చింది. ఆ రోజు వీధి అంతటా ఒక్క మనిషి లేడు, నిజమే. కాని ప్రతి ఇంటి వరండా దీపమూ పగలే వెలుగుతున్నది; అందరూ తలుపుల వెనకే ఉన్నారు. అది నాకు అప్పుడే కనిపించింది. రాయలేదు.

హాలు మధ్యలో చిత్రాన్ని నిలువెత్తున పెట్టారు. జనం దాని ముందే గుమిగూడారు. పెద్దదైనా తెలుపు చెదరలేదు. ఎక్కడా బూడిద లేదు. కింద తగిలించిన అట్ట మీద నా దస్తూరీతోనే ఇలా రాశాను:

“లోరోంగ్ నాలుగులో వడగళ్లు. చిత్రం: పుష్పవల్లి. వెలుగు ఒకటిన్నర పెంచమన్నది, గ్లాసు పట్టినది: దాసు.”

శాంతాదేవి గారు అక్షరదోషాలు వెతికారు. దొరకలేదు.

ఎవరో పెద్దమనిషి ఆ చెయ్యి ఎవరిదని నన్ను అడిగాడు. “మా ఆయనది” అన్నాను. అనవలసిన దానికంటే గట్టిగా అన్నాను. హాలులో కొందరు వెనక్కి తిరిగారు. ఆయన చిత్రం పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నారు. గడియారం చూడమని చేయి చాపి, ముఖం లోపలికి తిప్పి ఉన్నదని చూపించారు. ఎవరు అడిగినా చూపించారు. అడగనివారికి కూడా చూపించారు.

మార్చి ఇరవై నాలుగున రాస్తానన్న జవాబు: అవును, నా కోసమే.


మార్చి 31, సోమవారం

కక్ రొహానీ ఇంటికి ఇద్దరం నడిచి వెళ్లాం. మూడిళ్ల దూరం. తెకోమా చెట్లకు కొత్త ఆకు కనిపిస్తున్నది. మధ్యలో రెండుసార్లు ఆగాం. రెండుసార్లూ ఆయన ఉత్తరాల పెట్టె మీద చేయి వేసి, లోపల ఏమైనా ఉందేమోనని మూత ఎత్తి చూశారు.

వారి ముందు గదిలో తివాచీ మీద అతిథులు కూర్చున్నారు. సోఫా మెత్తగా, పల్లంగా ఉన్నది. తలుపు పక్కనే, వచ్చేవారికి మొదట అందేలా, చేతులున్న ఎత్తు కర్ర కుర్చీ ఒకటి గోడకు ఆనించి ఉన్నది. ఆ ఇంట్లో ఇంతకుముందు ఆ కుర్చీని చూసిన గుర్తు లేదు. కొత్తదా అని అడిగాను.

“కొత్తదేమీ కాదు” అన్నది కక్ రొహానీ. “నవంబరులోనే తెచ్చి పెట్టాం. దాసుకు సోఫాలో నుంచి లేవడం కష్టం కదా.”

అని వంటింట్లోకి వెళ్లిపోయింది. షర్బత్తులో వేయడానికి ఆ రోజు ఏరిన వడగళ్లు కొన్ని ఫ్రీజరులో ఇంకా ఉన్నాయట.

మా వారు కర్రను గోడకు ఆనించారు. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద మోపి, మెల్లగా కూర్చున్నారు. రెండు పాదాలూ నేలకు ఆనాయి.

“ఎత్తు సరిపోయినాది” అన్నారు.